చిన్నా, నీ జీఎస్పీ గురించి నేనూ చదివాను

ఒరేయ్ చిన్నా,

ఫోన్‌లో అయితే "సరే అమ్మా, సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి పూర్తిగా ఫైటింగ్‌లోకి, అదే గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన ఆ ఎంఎంఏలోకి, దిగుతానన్నావు కదా, వద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. నువ్వు ఇంటర్ చదివేటప్పటి నుంచి నీ గది గోడ మీద ఉన్నాడే ఆ కెనడా అతను, జార్జ్ సెయింట్ పియర్, అదే నీ జీఎస్పీ, అతని ఫైట్లు వరసపెట్టి చూశాను. రాత్రిళ్లు, మీ నాన్న పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. దొరికిందల్లా చదివాను కూడా. నువ్వు అతని దగ్గర ఎగిరి గుద్దే ఆ సూపర్‌మ్యాన్ పంచ్ ఒక్కటే నేర్చుకున్నావేమోనని నా అనుమానం, మిగతాది నేను చెప్తాను విను.

మాంట్రియల్ పక్కన సెయింట్ ఇసిడోర్ అనే చిన్న ఊరు అతనిది, 1981లో పుట్టాడు. బడిలో పెద్ద పిల్లలు కొట్టేవాళ్లు, డబ్బులూ బట్టలూ లాక్కునేవాళ్లు. ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్నే క్యోకుషిన్ కరాటే మొదలుపెట్టించాడు. పెద్దయ్యాక చెత్త బండి మీద పనిచేశాడు, నైట్ క్లబ్ గుమ్మం దగ్గర బౌన్సర్‌గా నిలబడ్డాడు, మధ్యలో కాలేజీలో శరీరం ఎలా కదులుతుందో చెప్పే కినీసియాలజీ చదివాడు. అక్కడ మాత్రం నాకు భలే నచ్చాడు, మా సబ్జెక్టే కదా. వారం చివర్లో బస్సెక్కి న్యూయార్క్‌లో రెంజో గ్రేసీ అకాడమీకి వెళ్లి నేల మీద పట్లు పట్టే జియు జిట్సు నేర్చుకుని వెనక్కి వచ్చేవాడట. 2002లో మొదటి ప్రొఫెషనల్ ఫైట్. అంటే చెత్త బండీ, బస్సు ప్రయాణాలూ, ఫైట్లూ కొంతకాలం కలిసే నడిచాయి. జీతం వదిలేసి దూకేయలేదు, గమనించు.

2004లో మ్యాట్ హ్యూస్‌తో టైటిల్ ఫైట్ చూశావు కదా? హ్యూస్ అతని ఆరాధ్య దైవం. ఎదురుగా నిలబెడితే కళ్లలోకి చూడలేకపోయానని తర్వాత తనే చెప్పుకున్నాడు. మొదటి రౌండ్ ఇంకొక్క సెకనులో ముగుస్తుందనగా ఆర్మ్‌బార్‌లో, అంటే మోచేతిని వెనక్కి విరిచే పట్టులో, చిక్కి ట్యాప్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. ఒక్క సెకను ఓర్చుకుంటే గంట మోగేది! దాని మీద ఏడుస్తూ కూర్చోలేదు. రెండేళ్లకు, 2006 నవంబర్‌లో, అదే హ్యూస్‌ని తల మీద తన్ని పడగొట్టి ఛాంపియన్ బెల్ట్ తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది చివర్లో మూడోసారి కలిసినప్పుడు ఏకంగా ఆర్మ్‌బార్ తోనే లొంగదీశాడు. తనని ఓడించిన పట్టుతోనే! ఆ వీడియో నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను, మీ నాన్నకి చెప్పకు.

అసలు నేను చెప్పదలుచుకున్నది 2007 ఏప్రిల్ సంగతి. హ్యూస్టన్‌లో మ్యాట్ సెర్రాతో ఫైట్. ఒక టీవీ పోటీ గెలిచి టైటిల్ అవకాశం సంపాదించినవాడు సెర్రా, అతను గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. అతనూ రెంజో గ్రేసీ శిష్యుడే, తమాషా చూడు. మూడున్నర నిమిషాలు కూడా కాకముందే చెవి వెనకాల ఒక దెబ్బ తగిలింది, కాళ్లు తడబడ్డాయి, ఆ తర్వాత రిఫరీ వచ్చి ఆపేవరకూ దెబ్బలే దెబ్బలు. ఛాంపియన్ కింద, అనామకుడు పైన. మొదట్లో జీఎస్పీ సాకులు చెప్పాడు, సరిగా సిద్ధం కాలేదని, ఇంట్లో సమస్యలని. అది తప్పని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ ఓటమి మనసులోంచి పోవడానికి ఒక మానసిక శిక్షకుడి సలహా మీద ఇటుక మీద సెర్రా పేరు రాసి నదిలో విసిరేశానని కూడా చెప్పాడు. ఇదంతా అందరికీ తెలిసిన కథే, మీ జిమ్‌లో గోడల మీద కూడా రాసి పెట్టుకుంటారేమో. నాకు నచ్చింది మాత్రం ఆ ఇటుక కాదు. అతను ఎవరెవరి దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాడో అది.

చిన్నప్పుడు కుస్తీ నేర్చుకున్నవాడు కాదు కదా, అందుకని మాంట్రియల్‌లో కెనడా జాతీయ జట్టు కుస్తీ వాళ్ల మధ్యకి వెళ్లి వాళ్ల చేతిలో రోజూ కింద పడ్డాడు. పడీ పడీ ఎంత నేర్చుకున్నాడంటే, అమెరికాలో కాలేజీ ఛాంపియన్ అయిన జోష్ కాష్‌చెక్‌నే 2007 ఆగస్టులో కుస్తీ పట్లతో అణిచాడు. బాక్సింగ్‌కి ఫ్రెడ్డీ రోచ్, పట్లకి జాన్ డానహర్, ఇంటి దగ్గర ట్రైస్టార్ జిమ్‌లో ఫిరాస్ జహాబీ, ఇవి కాక జిమ్నాస్టిక్స్. బెల్ట్ నడుముకి ఉండగానే ఇదంతా, తనకంటే బాగా చేసేవాళ్ల ముందు కొత్త విద్యార్థిలా. 2010 డిసెంబర్‌లో మళ్లీ అదే కాష్‌చెక్ వచ్చాడు. ఈసారి కుస్తీతో పని లేకుండా ఎడమచేతి జాబ్, అదే సూటి గుద్దు, ఒక్కదాంతో ఐదు రౌండ్లు కొట్టాడు, అతని కంటి గూడు ఎముక విరిగింది. నేను ఆ ఫైట్ పూర్తిగా చూడలేకపోయాను, ఆ కన్ను వాస్తుంటే మధ్యలో ఆపేసి వంటింట్లోకి వెళ్లాను. అయినా నీకు ఒకటి అడుగుతాను, మీ జిమ్‌లో నిన్ను రోజూ ఓడించేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఎవరూ లేరంటే జిమ్ మార్చు.

జనం అతన్ని బోర్ అన్నారు తెలుసా. నాకౌట్లు లేవని, పడేసి అయిదు రౌండ్లు పైన కూర్చుని జడ్జీల చేత గెలుస్తాడని. 2008 ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో, ఈ ఫైట్లు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీ కెనడాలో పెట్టిన మొట్టమొదటి షోలో, సెర్రాని పొట్టలో మోకాలి దెబ్బలతో ఓడించి బెల్ట్ మళ్లీ తెచ్చుకున్నాక వరసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు, వాటిలో ఎక్కువ భాగం నిర్ణయం మీదే. 2011లో టొరంటోలో యాభై అయిదు వేల మంది పైన వచ్చారు అతన్ని చూడటానికి, బోర్ అయితే వస్తారా? ఒక తల్లిగా చెప్తున్నాను, నాకు ఆ బోరే కావాలి. ఎంత తక్కువ దెబ్బలు తింటే అంత మంచి ఫైటర్, కామెంట్లు పెట్టేవాళ్లు ఏమన్నా సరే.

మోకాలి సంగతికి వస్తే ఇక నా వృత్తి. 2011 డిసెంబర్‌లో అతని కుడి మోకాలు లోపలి లిగమెంట్, ఏసీఎల్, తెగింది. దాదాపు పదకొండు నెలల తర్వాత కార్లోస్ కాండిట్‌తో ఫైట్‌కి వచ్చాడు, మూడో రౌండ్‌లో తల మీద తన్ను తిని కింద పడి, లేచి, గెలిచాడు. ఇక్కడ గుంటూరులో నా దగ్గరికి చికిత్సకి కబడ్డీ పిల్లలు వస్తారు, అదే లిగమెంట్. వాపు తగ్గగానే, నడవగలిగితే చాలు, "మేడమ్, వచ్చే నెల టోర్నమెంట్ ఉంది" అంటారు. నొప్పి పోవడం వేరు, తొడ కండ రెండో కాలితో సమానంగా బలం రావడం వేరు, దూకి ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి వంగకుండా ఉండటం ఇంకా వేరు. చెప్పినా వినరు, మళ్లీ తెగ్గొట్టుకుని వస్తారు. అంత జాగ్రత్తపడ్డవాడికి కూడా 2014లో ఎడమ మోకాలు తెగింది. కాబట్టి నీకు తెగదని మాత్రం అనుకోకు.

2013 నవంబర్, జానీ హెండ్రిక్స్‌తో ఫైట్. ముఖం గుర్తుపట్టలేనట్టయింది. ఇద్దరు జడ్జీలు జీఎస్పీకి, ఒకరు హెండ్రిక్స్‌కి ఇచ్చారు. నా కంటికి అయితే హెండ్రిక్సే గెలిచాడు, నువ్వు ఒప్పుకోవని తెలుసు. కానీ అసలు విషయం అది కాదు, ఆ తర్వాతి నెలలోనే బెల్ట్ వదిలేశాడు. ఓడిపోలేదు, ఎవరూ తియ్యలేదు, తనే ఇచ్చేశాడు. టెన్షన్ తట్టుకోలేకపోతున్నానని, నిద్ర లేదని చెప్పాడు. ఆటలో మందులు వాడేవాళ్లు ఎక్కువయ్యారని, సంస్థ సరైన పరీక్షలు పెట్టడం లేదని కూడా బహిరంగంగా అన్నాడు. హెండ్రిక్స్ ఫైట్‌కి ముందు ఇద్దరికీ బయటి సంస్థతో పరీక్షలు చేయిద్దామని అడిగినవాడు అతనే. అప్పట్లో టెస్టోస్టెరాన్‌ని డాక్టర్ చీటీతో తీసుకుని బరిలోకి దిగేవాళ్లు ఉండేవాళ్లు! 2015లో గానీ యూఎఫ్‌సీ బయటి సంస్థ చేత ఏడాది పొడుగునా పరీక్షలు మొదలుపెట్టలేదు. అతని మాట వల్లే వచ్చిందని నేను అనను గానీ, బెల్ట్ పోగొట్టుకునే భయం లేకుండా అలా మాట్లాడిన ఛాంపియన్లు ఎందరున్నారు? 2016లో ఫైటర్లకి సంఘం పెట్టే ప్రయత్నంలోనూ ముందు నిలబడ్డాడు, అది నిలవలేదనుకో.

నాలుగేళ్లు ఖాళీగా ఉండి 2017 నవంబర్‌లో ఒక బరువు తరగతి పైకి వెళ్లి మైకేల్ బిస్పింగ్‌ని మూడో రౌండ్‌లో గొంతు పట్టి పడుకోబెట్టాడు. అలా రెండో బరువు తరగతిలోనూ బెల్ట్. నెల దాటగానే అదీ ఇచ్చేశాడు, పెద్దపేగు పుండ్ల జబ్బు వచ్చింది. బరువు పెంచడానికి ఇష్టం లేకున్నా తిన్న తిండి కూడా ఒక కారణమై ఉండొచ్చని తనే అన్నాడు. నీ ప్రోటీన్ డబ్బాల గురించి విడిగా మాట్లాడతాను.

ఆ బిస్పింగ్ గురించి చదివాక మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 2013లో బ్రెజిల్‌లో తలకి తన్ను తగిలి కుడి కన్ను పాడైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒంటికన్నుతో ఫైట్లు చేశాడు, కంటి పరీక్షల్లో మోసం చేసి నెట్టుకొచ్చానని తనే చెప్పాడు. ఛాంపియన్ అయ్యాడు, నిజమే. ఆ గుండె ధైర్యానికి దణ్ణం పెడతాను. కానీ నువ్వు ఆ పని చేశావని తెలిస్తే నేనే వచ్చి ఆ జిమ్ ముందు కూర్చుంటాను.

జీఎస్పీ 2019 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యాడు. 26 గెలుపులు, 2 ఓటములు, ఆ ఇద్దరినీ తిరిగి ఓడించాడు, డోపింగ్‌లో ఎప్పుడూ దొరకలేదు. 2020లో హాల్ ఆఫ్ ఫేమ్. ఇవి నీకు నోటికొచ్చినవే. నీకు పట్టనిది ఏమిటంటే, తనకి ఫైట్ అంటే భయమని, ప్రతిసారీ బరిలోకి వెళ్లేముందు నరకంలా ఉండేదని దాచకుండా చెప్పాడు. మీ వాళ్లు ఇంటర్వ్యూల్లో "నాకు భయం లేదు" అంటూ ఛాతీ కొట్టుకోవడం చూశాను. భయం లేదనేవాడు తల తిరుగుతున్నా కోచ్‌కి చెప్పడు, అక్కడే నాకు గుబులు.

మొన్న పూజా తోమర్ పేరు చెప్పావు, 2024లో యూఎఫ్‌సీలో గెలిచిన మన అమ్మాయి, మనవాళ్లూ వెళ్తున్నారని. మంచిదే, నాకూ సంతోషమే. నేను అడిగేవి మూడే. ఏడాది ఇల్లు గడిచే డబ్బు బ్యాంకులో పడేవరకూ ఉద్యోగం వదలకు. మొదటి ఫైట్‌కి ముందు మెదడు ఎమ్మారై తీయించి నాకు పంపు, ప్రతి ఏడాదీ మళ్లీ తీసి ఇద్దరం పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇంకొకటి, ఏం జరిగితే మానేస్తావో ఇప్పుడే కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఎన్ని నాకౌట్లు అయితే, ఏ వయసొస్తే, ఏ దెబ్బ తగిలితే అని. ఓడి వచ్చిన రోజు రాసుకునే సంగతి కాదది, ఆ రోజు నీ చేత సరైన మాట రాదు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా. మీ కోచ్ గారి నంబర్ కూడా పంపు, నేను మాట్లాడాలి, నువ్వు పక్కన ఉండక్కర్లేదు. మీ నాన్నకి మెల్లగా నేనే చెప్తాను, నువ్వు తొందరపడి ఫోన్‌లో ఏమీ వాగకు.

మీ అమ్మ