ఈ దీపావళికి బందరు లడ్డు ఇవ్వలేకపోతున్నాం

మచిలీపట్నంలోని మా మిఠాయి కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్నవారికి, ఊరు విడిచి వెళ్లినా హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి పార్సెళ్లు తెప్పించుకుంటున్నవారికి నమస్కారం. శ్రావణమాసంలో మా నాన్నగారు కాలం చేసిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఈ దీపావళికి మేము బందరు లడ్డు గానీ, నల్ల హల్వా గానీ అమ్మడం లేదు. అడ్వాన్సు కట్టినవారందరికీ పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాం. పెద్దాయన పోయాక కూతురివల్ల కావడం లేదని ఊళ్లో కొందరు అనుకుంటున్నారట. అది నిజం కాదు కనుక, జరిగినదేమిటో మీకు నేరుగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

బందరు లడ్డులో వేసే సరుకులు చాలా తక్కువ. శనగపిండిని పూసగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, రోకళ్లతో గంటల తరబడి తొక్కుతూ, మధ్యమధ్య కాచిన నెయ్యి పోస్తూ, చివర జీడిపప్పు, ఏలకులు, పచ్చ కర్పూరం చేరుస్తాం. అందుకే దీనికి తొక్కుడు లడ్డు అని పేరు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు ఈ విద్యను మా ఊరికి తెచ్చారని పెద్దలు చెబుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇన్నిటిలో మొత్తం రుచిని మోసేది బెల్లం. బెల్లంలో పంచదార కలిసి ఉంటే పాకం పలుకు కడుతుంది, ఎంత తొక్కినా లడ్డు నోట్లో కరగదు. రంగు తేలడానికి హైడ్రోసు అనే రసాయనం వేసి తెల్లబరిచిన బెల్లమైతే చూడడానికి బంగారంలా ఉంటుంది గానీ నాలుక చివర ఉప్పదనం మిగులుతుంది.

అందువల్ల నాన్నగారు ఏటా మాఘమాసంలో, గానుగలు జోరుగా ఆడే రోజుల్లో, స్వయంగా అనకాపల్లి వెళ్లేవారు. దిమ్మను గోటితో గీకి చూసేవారు, ముక్కను గ్లాసెడు నీళ్లలో కరిగించి అడుగున ఏమి మిగులుతుందో చూసేవారు. ముదురు రంగు బెల్లానికి బజారులో ధర తక్కువే అయినా, ఆయన దానినే ఏరి, తెల్లని దిమ్మకు ఇచ్చే ధర ఇచ్చేవారు. హైడ్రోసు వేయని రైతు నష్టపోకూడదని ఆయన పట్టుదల. ఆ సరుకునంతటినీ ఒక వ్యాపారి మా పేర శీతల గిడ్డంగిలో ఉంచి, పండుగల ముందు పంపేవాడు. ఈ ఏడాది కూడా నాన్నగారు వెళ్లి, దిమ్మలు ఏరి, అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. ఆయన చివరిసారిగా ఏరిన బెల్లం అదే.

దసరాతో మా దగ్గరి నిల్వ అయిపోయింది. ఆ తరువాత లారీలో దిగిన సరుకు నాన్నగారు ఏరినది కాదు. గోనె విప్పగానే పసుపుపచ్చగా మెరిసింది. నీళ్లలో కరిగించాను, నాలుక మీద వేసుకున్నాను, చిన్న వాయి పాకం పట్టి చూశాను. అనుమానం లేకుండా తేలిపోయాక ఆ వ్యాపారికి ఫోను చేశాను. మా సరుకును పండుగ ధర వచ్చిందని వేరొకరికి అమ్మేసుకున్నట్లు అతడే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "అమ్మా, మీ నాన్నగారంటే పాతకాలం మనిషి. ఇప్పుడందరూ తెల్లనిదే అడుగుతున్నారు. పాకంలో పడ్డాక ఎవరికి తెలుస్తుంది చెప్పండి" అన్నాడు. ఇతడి కూతురి పెళ్లికి సొమ్ము అందకపోతే మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి సర్దిన మనిషి మా నాన్నగారు. ఆయన ఉండగా ఈ లారీ మా గుమ్మం తొక్కేది కాదు. ఆయన లేరు, కొట్టులో ఉన్నది ఆడపిల్ల, ఆమెకేమి తెలుస్తుందిలే అని అతడు అనుకున్నందుకు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. సరుకు తిప్పి పంపేశాను. అడ్వాన్సులో కొంత ఇంకా రావలసి ఉంది. వచ్చినా రాకపోయినా, ఆ మనిషి దగ్గర మళ్లీ ఒక్క దిమ్మ కూడా కొనను.

ఆ తరువాతి నిర్ణయం అంత తేలికగా జరగలేదు. విజయవాడలో బెల్లం దొరకకపోదు. ఒక చోటి నుంచి మంచిదే తెప్పించి వాయి తీశాం. రోకలి పనివారిలో పెద్దాయన రుచి చూసి, బాగానే ఉంది, వందమందిలో ఒకరు కూడా పోల్చుకోలేరు అన్నారు. మా మేనత్తలు కూడా పండుగ వ్యాపారం వదులుకోవద్దని నచ్చజెప్పారు. నా మేలు కోరే అన్నారు. దీపావళి మా ఏడాది సంపాదనలో పెద్ద భాగం. ఇప్పటికే వైద్యం ఖర్చులకు చేసిన అప్పు ఉంది. రాత్రుళ్లు లెక్కలు వేస్తూ కూర్చుని, ఒకసారి అమ్ముదామని, ఒకసారి వద్దని తేల్చుకోలేక నలిగిపోయాను. పెట్టె మీద తయారీదారుగా నాన్నగారి పేరే ఉంది. ఆయన ఏరని బెల్లంతో చేసి, ఆ పేరు కింద పెట్టి, ఆయన పోయిన ఏడాదిలోనే మీ చేతికి ఇవ్వడం నావల్ల కాలేదు. పోల్చుకోగలిగే ఆ ఒక్కరి కోసమే ఆయన అంత దూరం వెళ్లి దిమ్మలు గీకి చూసేవారు.

ఆయన ఎలాంటి మనిషో కొత్తగా వస్తున్నవారికి తెలియకపోవచ్చు. తాతగారు వేరే కొట్టులో రోకలి పట్టి, కూడబెట్టి, 1961లో ఈ కొట్టు పెట్టారు. ఆయన అకస్మాత్తుగా పోయేనాటికి నాన్నగారికి పదిహేడేళ్లు. నోబుల్ కాలేజీలో చదువు మానేసి, పొయ్యి ముందు నిలబడ్డారు. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లూ అయ్యాకే తాను పెళ్లి చేసుకున్నారు. 1977 నవంబరు 19న తుఫాను ఉప్పెనగా దివిసీమ మీద పడి పదివేలకు పైగా ప్రాణాలు తీసినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు. స్నేహితులతో కలిసి అవనిగడ్డ వైపు వెళ్లి, శవాలను పూడ్చే పనిలో ఉన్నారు. అక్కడ చూసినదేమిటో ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. చెప్పిన సంగతి ఒక్కటే. వానకు తడిసిన శనగపిండి బస్తాలు కొట్టులో ఉంటే, శిబిరంలో వాళ్లకు వండి పెట్టేద్దామని ఎవరో అన్నారట. ఆయన ఆ బస్తాలు పారబోయించి, అప్పు చేసి కొత్త పిండి తెచ్చి వండించారు. ఆకలితో ఉన్నవాడు వద్దనలేడు కాబట్టి అతడికి పెట్టేటప్పుడే ఎక్కువ జాగ్రత్త ఉండాలని అనేవారు.

ఇంటికీ కొట్టుకీ మధ్య ఆయనకు తేడా ఉండేది కాదు. ఎంత రద్దీ ఉన్నా మధ్యాహ్నం అమ్మతో కలిసి భోజనం చేయవలసిందే. పనివారి పిల్లల పరీక్ష ఫీజులు ఆయన జేబులోంచే వెళ్లేవి. నాకు పన్నెండేళ్లప్పుడు పాకం పట్టడం నేర్పుతుంటే, ఆడపిల్లకు ఈ పొయ్యి పని ఎందుకని బంధువులు అభ్యంతరం చెప్పారు. ఆయన వాళ్లకు జవాబు చెప్పకుండా గరిటె నా చేతికే ఇచ్చి పక్కన నిలబడ్డారు. ఈ బెల్లాన్ని నేను పోల్చుకోగలిగానంటే అది ఆయన నేర్పిన విద్యే.

ఇక చేయబోయేది చెబుతాను. కారప్పూస, జంతికలు, పంచదారతో చేసే మిఠాయిలు ఎప్పటిలాగే ఉంటాయి. రోకలి పనివారికి పని లేని ఈ రోజులకూ పూర్తి కూలి ఇస్తున్నాను. నాన్నగారు వానాకాలంలో అలాగే ఇచ్చేవారు. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగస్వామి దర్శనానికి, మంగినపూడి సముద్ర స్నానాలకు వచ్చేవారికి ఆయన పంచే పులిహోర ఈ ఏడాదీ పంచుతాం. అమ్మే దగ్గరుండి వండిస్తానన్నారు.

మాఘంలో నేనే అనకాపల్లి వెళ్తాను. నాన్నగారు ఎవరి గానుగ బెల్లం ఏరేవారో ఆ రైతుల పేర్లు ఆయన చేతిరాత పుస్తకంలో ఉన్నాయి. ఇకమీదట దళారి లేకుండా వాళ్ల దగ్గరే నేరుగా కొని, మా పేరే రాసి ఉన్న తాళం కింద నిల్వ చేయిస్తాను. మొదటి వాయి నాకు నచ్చితే శివరాత్రి నాటికి లడ్డు తిరిగి వస్తుంది, నచ్చకపోతే ఇంకా ఆలస్యమవుతుంది. ధర మాత్రం ఇప్పుడున్నదే ఉంటుంది. అడ్వాన్సు రసీదు ఉన్నవారు కొట్టుకు వచ్చి సొమ్ము తీసుకోవచ్చు, రసీదు పోయినవారు పేరు చెబితే చాలు. దూరాన ఉన్నవారికి కట్టిన ఖాతాలోకే పంపిస్తున్నాం.