పదమూడో ఎక్కం

న్యూకాసిల్,
మార్చి 8, ఆదివారం.

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. నువ్వు, అన్నయ్య, వదిన, పిల్లలు అక్కడ క్షేమమని తలుస్తాను. పోయిన ఆదివారం ఫోనులో, నేను జిమ్‌కు వెళ్తున్నాననీ, సెప్టెంబరులో ఇక్కడ జరిగే పెద్ద పరుగుకు పేరు ఇచ్చాననీ చెప్పగానే నువ్వు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పుడు నీకు పరుగేమిటమ్మా, మోకాళ్ళు అరిగిపోతాయి, మీ నాన్న సంగతి మరిచిపోయావా" అని అడిగావు. నేను తొందరలో ఏదో చెప్పి ఫోను పెట్టేశాను కానీ, ఆ మాట వారమంతా నా మనసులోనే ఉంది. అంత ముఖ్యమైన ప్రశ్నకు ఫోనులో, వంటింటి చప్పుళ్ళ మధ్య జవాబు చెప్పడం సరికాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కళ్ళజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా రెండుసార్లు చదువుకోగలవు.

నాన్న సంగతి మరిచిపోలేదమ్మా. అది గుర్తుండటం వల్లనే ఈ పని మొదలుపెట్టాను. ఇంగ్లండులో 40 ఏళ్ళు దాటి 74 లోపు ఉన్నవారిని అయిదేళ్ళకొకసారి ప్రభుత్వ వైద్యసేవవారే పిలిచి ఆరోగ్య పరీక్ష చేస్తారు. పోయిన సెప్టెంబరులో నా వంతు వచ్చింది. బరువు, నడుము చుట్టుకొలత, రక్తపోటు చూసి, రక్తం తీసి పంపారు. గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపించే పరీక్షలో నాకు 44 వచ్చింది. ఇక్కడి లెక్కలో 42 నుంచి 47 వరకు ఉంటే షుగరు జబ్బు గడప దగ్గరికి వచ్చి నిలబడినట్టు, 48 అయితే లోపలికి వచ్చినట్టు. నర్సు నాకు మరొక విషయం కూడా వివరంగా చెప్పింది. ఎత్తుకు తగిన బరువును లెక్కగట్టే సూచికలో ఇక్కడి తెల్లవారికి 25 దాటితే హెచ్చరిక చేస్తారు కానీ, మన దేశాల నుంచి వచ్చినవారికి 23 దగ్గరే మొదలుపెడతారట. ఎందుకంటే మనవారికి తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే ఈ జబ్బు వస్తుంది. ఆమె చెబుతున్నంతసేపూ నాకు నాన్నే కళ్ళ ముందు మెదిలారు. ఆయన లావుగా ఎప్పుడూ లేరు కదా. "సన్నగా ఉన్నవాడికి షుగరేమిటి" అని ఊరంతా ఆశ్చర్యపోయింది. 49 ఏళ్ళకు జబ్బు బయటపడింది, 58 ఏళ్ళకు గుండె ఆగిపోయింది. ఆ రోజు మందుల డబ్బా పట్టుకుని నువ్వు గుమ్మంలో నిలబడిన తీరు నేను ఏనాటికీ మరువలేను. ఆ డబ్బా నా కూతురి చేతిలో చూడాలని నాకు లేదు.

అందువల్ల డాక్టరును అడిగి, గుండె పరీక్ష కూడా చేయించుకుని, ఆయన సరేనన్న తరువాతే నవంబరులో మొదలుపెట్టాను. బయట కాకుండా జిమ్‌లో ఎందుకంటే, ఇక్కడ డిసెంబరులో ఉదయం 8.30కి గానీ తెల్లవారదు, మధ్యాహ్నం 3.40కల్లా పొద్దు గుంకిపోతుంది. ఉద్యోగం ముగించుకుని వచ్చేసరికి చీకటి, వాన, కాళ్ళ కింద మంచు. జిమ్ అంటే నువ్వు అనుకుంటున్నట్టు కండల కోసం వచ్చే కుర్రవాళ్ళ చోటు మాత్రమే కాదు. నేను వెళ్ళే వేళకు డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు నలుగురైదుగురు వస్తారు. నేను నిండుగా, చీలమండల దాకా ఉండే పొడుగు ప్యాంటు, మోచేతుల దాకా చొక్కా వేసుకుంటాను. నువ్వు అడగలేదు కానీ, అడగాలనుకుని ఆగిపోయావని నాకు తెలుసు.

పరుగు నేర్పే పద్ధతి ఇక్కడ చాలా నిదానంగా ఉంటుంది. తొమ్మిది వారాల క్రమం, వారానికి మూడు రోజులు, మధ్యలో తప్పనిసరిగా విశ్రాంతి. మొదటి వారమంతా అయిదు నిమిషాలు వడిగా నడిచి, ఆ తరువాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, మళ్ళీ ఒక నిమిషం పరుగు, ఇలా ఇరవై నిమిషాలు. ట్రెడ్‌మిల్ మీద, అంటే కాళ్ళ కింద పట్టా కదులుతుంటే మనం ఉన్నచోటే పరుగెత్తే యంత్రం మీద, ఆ మొదటి నిమిషం నాకు ఎంత పొడుగ్గా అనిపించిందో చెప్పలేను. గుండె చెవుల్లో కొట్టుకుంది. నాలుగో నిమిషపు పరుగు పూర్తికాకుండానే ఆపి, ఇరుపక్కల కమ్మీలు పట్టుకుని నిలబడ్డాను. పదిహేనేళ్ళుగా కుర్చీలో కూర్చుని చేసిన ఉద్యోగం నా శరీరాన్ని ఏం చేసిందో ఆ సాయంత్రం తెలిసింది. కానీ మూడోసారి వెళ్ళేసరికి ఎనిమిది నిమిషాలూ పూర్తి చేయగలిగాను.

మూడో వారంలో ఒక తప్పు చేశాను. ఊపిరి అందుతోంది కదా అని యంత్రం వేగం పెంచాను. రెండు రోజులకు మోకాలి కింద, కాలి ముందు ఎముక వెంట నొప్పి పట్టుకుంది. మెట్లు దిగలేకపోయాను. జిమ్‌లో నేర్పే ఆవిడ చూసి, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయనీ, ఎముకలకూ, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల్లాంటి తాళ్ళకూ నెలలు పడుతుందనీ, అందుకే చాలామంది కొత్తవాళ్ళకు ఊపిరి కుదిరిన తరువాతే కాళ్ళు దెబ్బతింటాయనీ చెప్పింది. రెండు వారాలు పరుగు మాన్పించి, సైకిలు తొక్కించి, మళ్ళీ రెండో వారం నుంచి మొదలుపెట్టించింది. అప్పుడు నేర్పిందే ఇప్పటికీ పాటిస్తున్నాను. పరుగెత్తేటప్పుడు ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం పలకగలగాలి, పలకలేకపోతే వేగం ఎక్కువైనట్టే. పక్కన మాట్లాడేవారు లేరు కాబట్టి నేను పదమూడో ఎక్కం చెప్పుకుంటాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. లాంతరు ముందు కూర్చోబెట్టి నాన్న నాకు బలవంతంగా కంఠస్థం చేయించిన ఎక్కం అదొక్కటే. మాట మధ్యలో తెగితే వేగం తగ్గిస్తాను.

ఇక నీ అసలు భయం, మోకాళ్ళు. మోకీలు బండి ఇరుసు వంటిది కాదమ్మా, తిరిగినకొద్దీ అరిగిపోవడానికి. ఎముకల మధ్య ఉన్న మెత్తటి పొరకు రక్తనాళాలు లేవు. కాలి మీద బరువు పడి, లేచి, మళ్ళీ పడుతుండటం వల్లనే దానికి పోషణ అందుతుంది. ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవారిలో కీళ్ళ అరుగుదల, కూర్చుని ఉండేవారికన్నా ఎక్కువగా కనబడలేదని వైద్యులు చెబుతున్నారు. మోకాలికి ఇదివరకే దెబ్బ తగిలినవారి సంగతి వేరు, నాకు అలాంటిది లేదు. మోకాలిని కాపాడేది తొడ కండ, పిరుదు కండ, పిక్క. అవి బలపడటానికే వారానికి రెండు రోజులు బరువులు ఎత్తుతున్నాను.

బరువులన్నప్పుడు నువ్వు మరింత భయపడ్డావు. కానీ ఈ మాట మన ఆమదాలవలసలో ఉన్నదానివి నువ్వు అనవచ్చునా? 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి రెండు విడతల్లో 110, 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ పెట్టడమే అది మొదటిసారి. భారతదేశంలో ఒక స్త్రీకి ఒలింపిక్ పతకం రావడమూ అదే మొదటిసారి. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. పక్కవాళ్ళ టీవీ ముందు వీధి ఆడవాళ్ళందరితో పాటు నువ్వూ నిలబడి కళ్ళు తుడుచుకున్నావు. ఆ మర్నాడు కాలేజీలో ఆటల పీరియడు వచ్చినప్పుడు మాత్రం మేము ఎప్పటిలాగే వేపచెట్టు కింద కూర్చున్నాము. అంత దగ్గరలో, మన పొలాల పక్క ఊళ్ళో ఆ బలం పుట్టినా, అది మనకు కూడా సంబంధించినదని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

నేను ఎత్తే ఉక్కు కడ్డీ, చివర్లలో బిళ్ళలేమీ తగిలించకుండానే 20 కిలోలు. మొదటి నెల అది కూడా కాదు, బల్ల మీద కూర్చుని లేవడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, ఇవే చేయించారు. ఇప్పుడు ఆ కడ్డీని భుజాల మీద పెట్టుకుని గుంజీ తీసినట్టు కూర్చుని లేస్తున్నాను. నేల మీది బరువును ఎత్తేటప్పుడు వీపు వంచకుండా, తుంటి దగ్గర మడిచి, బరువును కాళ్ళకు ఆనించి లేవమంటారు. మొదటిసారి అది చూసినప్పుడు, బోరింగు దగ్గర నిండు బిందెను నువ్వు ఎలా ఎత్తేదానివో అలాగే ఉందనిపించింది. నీళ్ళతో నిండిన ఇత్తడి బిందె ఈ కడ్డీకంటే తేలికేమీ కాదు. రోజుకు ఆరు బిందెలు, ముప్పై ఏళ్ళు మోశావు. దానిని ఎవరూ వ్యాయామమని అనలేదు, నీ బలాన్ని ఎవరూ బలమని అనలేదు. అందుకే జిమ్‌లో ఆ కడ్డీ పట్టుకున్న ప్రతిసారీ నాకు నువ్వే గుర్తుకు వస్తావు.

పరుగు గురించి కూడా చెప్పాలి. దానిని గ్రేట్ నార్త్ రన్ అంటారు. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లకు కంచు పతకం గెలిచిన ఈ ప్రాంతపు మనిషి బ్రెండన్ ఫాస్టర్, న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఊరంతా కలిసి పరుగెత్తడం చూసి వచ్చి, 1981 జూన్‌లో దీనిని మొదలుపెట్టాడు. మొదటి ఏడాదే 12,000 మంది వచ్చారు, ఇప్పుడు దాదాపు 60,000 మంది. అందరికీ చోటు ఉండదు, పేర్లు చీట్లు తీసినట్టు తీస్తారు. నా పేరు వచ్చింది. దూరం 13 మైళ్ళకు కొంచెం పైన, మన లెక్కలో 21 కిలోమీటర్లు, ఇంచుమించు మన ఇంటి నుంచి శ్రీకాకుళం వెళ్ళి తిరిగి వచ్చినంత. ఊరి మధ్యలో బయలుదేరి, టైన్ నది మీద 1928లో కట్టిన పెద్ద ఉక్కు వంతెన దాటి, గేట్స్‌హెడ్ మీదుగా సౌత్ షీల్డ్స్ దగ్గర సముద్రపు ఒడ్డున ముగుస్తుంది. ఆ వంతెన అంచుల మీద వసంతంలో సముద్రపక్షులు వందలకొద్దీ వచ్చి గూళ్ళు కడతాయి. మన తేలినీలాపురంలో చింతచెట్ల మీద వలస కొంగలను ఊరివాళ్ళు చూసుకున్నంత ప్రేమగానే ఇక్కడివాళ్ళు వాటిని చూసుకుంటారు. నిన్న చూసివచ్చాను, మొదటివి వచ్చేశాయి. చివరి మైలు పూర్తిగా సముద్రం పక్కనే ఉంటుంది. ఆ మైలు వచ్చేసరికి నాకు కళింగపట్నం గుర్తుకొస్తే చాలు, మిగిలిన దూరం నడిచైనా పూర్తి చేస్తాను. నడవడం తప్పు కాదు. మూడు గంటలకు పైగా పట్టవచ్చని లెక్క వేసుకున్నాను.

ఇవాళ ఉదయం మొదటిసారి బయట, ఊరి నడుమ ఉన్న పెద్ద పచ్చికబయలులో, ముప్పై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాను. నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు. యంత్రం మీద ఎదురుగాలి ఉండదు, ఇక్కడ గాలి మనిషిని నెట్టేస్తుంది. అయినా ఎక్కం తెగలేదు. ఇకపై ప్రతి ఆదివారం కొద్దికొద్దిగా దూరం పెంచి, నాలుగో వారం తగ్గించి, ఆగస్టు నాటికి పద్దెనిమిది కిలోమీటర్ల దాకా వెళ్ళాలని నిర్ణయం. డిసెంబరు నుంచి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను. ఉదయం చోడి అంబలి తాగుతున్నాను. నువ్వు పంపిన పిండి అయిపోవచ్చింది, అన్నయ్య స్నేహితుడు వచ్చేటప్పుడు రెండు కిలోలు పంపగలవా? రక్తపరీక్ష మళ్ళీ సెప్టెంబరులోనే చేస్తారు. 44 ఎంతకు దిగుతుందో అప్పటి దాకా తెలియదు. కానీ మెట్లెక్కితే ఆయాసం లేదు, రాత్రి నిద్ర పడుతోంది.

ఒక్క మనవి ఉంది. ఈ పరుగు ఆదివారం నాడు. నువ్వు అరసవల్లి స్వామికి ఆదివారం ఒంటిపూట ఉంటావు. నా పరీక్షలప్పుడల్లా పూర్తి ఉపవాసం ఉండి, ఫలితం తెలిసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేదానివి కాదు. ఆ రోజు అలా చేయవద్దు. మేము బయలుదేరేసరికి మీకు మధ్యాహ్నం 3.30 అవుతుంది. అంతకు ముందే ఆ ఒక్క పూటా కడుపునిండా భోజనం చేసి, అన్నయ్య చేత ఫోను పెట్టించుకుని కూర్చో. మీకు చీకటి పడ్డాక, సముద్రం దగ్గరికి చేరుకోగానే మొట్టమొదట నీకే ఫోను చేస్తాను.

ఇట్లు,
నీ చిన్న కూతురు.