ఆదివారం: చిన్న విమానంల న్యూజిలాండ్ ముచ్చట

అందరికీ నమస్తే.
మన బ్యాచ్ పైలట్ సాబ్ వచ్చిండు. దోస్తుతోటి కలిసి సెస్నా 172 అనే చిన్న విమానంల న్యూజిలాండ్ రెండు దీవులు తిరిగిండ్రు. ఆదివారం సాయంత్రం 5 గంటలకు నల్గొండ గడియారం సెంటర్‌ల, మనం ఎప్పుడూ కూసునే హాల్‌ల ఫొటోలు చూపిస్తడు.

నాలుగు సీట్లుంటే ఇద్దరే ఎందుకంటరా? ట్యాంకులు నిండా పోస్తే నలుగురు, సామాను కలిపి మోసుడు కష్టం. పైగా ఒకరు నడుపుతుంటే ఇంకొకరు మ్యాప్ చూస్తరు. ఆ రెండు దీవుల నడుమ ఉండే కుక్ జలసంధి ఇరుకు కాడనే 22 కిలోమీటర్లు. ఒక్కటే ఇంజిన్, కింద సముద్రం! లైఫ్ జాకెట్లు తొడుక్కొనే దాటిండ్రట.

వచ్చేటోళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టుండ్రి, మిర్చీ బజ్జీల లెక్క తేలాలె. పాలమూరోళ్లు అందరూ ఒక్క కార్ల రాండ్రి. పిల్లలను తోలుకరాండ్రి.
టికెట్ ఎంతాయె అని మాత్రం అడగకుండ్రి, కిరాయి విమానానికి గంటల లెక్కన మీటర్ తిరుగుతది.

ప్రొజెక్టర్ వైరు ఎవరి దగ్గరుందో జర మర్చిపోకుండ తేండ్రి.