వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం బల్గేరియా జానపద నాట్యం హోరోలో చేతులు కలిపాం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే బాగా జరిగాయి, లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదువుతాం కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఈసారి కొత్తగా చేసింది ఒక్కటే, దాని గురించే చెప్పాలని ఉంది. సోఫియాలో ఏళ్ల తరబడి ఉంటూ కూడా మనలో చాలామంది గడప తొక్కని మెహానాకి, అంటే ఇక్కడి సంప్రదాయ భోజనశాలకి, ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సహా, అందరం కలిసి వెళ్లాం.

విటోష కొండ కింద ఉందది. గుమ్మంలోనే రొట్టె, పక్కన గిన్నెలో 'షరెనా సోల్' పట్టుకుని ఎదురొచ్చారు. ఉప్పులో ఎర్ర మిరపపొడి, చూబ్రిత్సా అనే ఆకు కలిపిన పొడి అది, మెంతి జాతి ఆకు కూడా వేస్తారు, అందుకే మన ఆడవాళ్లు వాసన చూడగానే పట్టేశారు. తర్వాత షోప్స్కా సలాడ్, దాని మీద తెల్లగా సిరెనె అనే చీజ్ తురుము. ఆ తర్వాత తరాతోర్, పల్చటి పెరుగులో దోసకాయ, వెల్లుల్లి, సోయికూర, అక్రోటు పలుకులు. పెద్దవాళ్లు రెండోసారి అడిగి మరీ తాగారు. పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవిని 1905లో కనిపెట్టిన స్టామెన్ గ్రిగోరోవ్ ఈ దేశం వాడే, ఆ సూక్ష్మజీవి పేరులోనే బల్గేరియా ఉంది.

ఒక పొరపాటు మాత్రం రాయాలి. చిక్కుడు గింజల సూప్‌లో మాంసం ఉందా అని ఒక పెద్దాయన సైగతో అడిగితే వడ్డించే అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ అది 'అవును' అని మనకు తెలుసు, ఆయనకు తెలియదు. నోట్లో ముక్క తగిలాక చెంచా పెట్టేసి ఇంకేమీ ముట్టలేదు. ముందే చెప్పాల్సింది మేము, ఆయనకు క్షమాపణ చెప్పాం. ఇకపై శాకాహారుల పళ్లేలన్నీ 'బెజ్ మెసో' (మాంసం లేకుండా) అని విడిగా రాయించి ఆర్డర్ ఇస్తాం.

తర్వాత గైదా, కవాల్ అనే వేణువు, తపాన్ అనే డోలు మొదలయ్యాయి. గైదా అంటే మేకతోలు సంచిలో గాలి నింపి ఊదే వాద్యం, దాని మోత ఒంట్లోకి దిగుతుంది. అందరూ చేతులు పట్టుకుని వరసగా ఆడే హోరోలోకి మనల్నీ లాగారు, అడుగులు పడలేదు. అప్పుడు మృదంగం నేర్చుకున్న మన మెడిసిన్ కుర్రాడు బల్ల మీద వేళ్లతో లెక్కపెట్టి, పైదుష్కో అనే ఆటకు లెక్క అయిదు, 'తక తకిట', మన ఖండచాపు తాళమే, రచెనిత్సా అనే ఆటకు ఏడు, 'తక తక తకిట', మిశ్రచాపును తిరగేస్తే అదే అన్నాడు. అంతే, పిల్లలకు వెంటనే కాళ్లు కుదిరాయి. బతుకమ్మ ఆడిన వాళ్లకు గుండ్రంగా తిరగడం కొత్తా!

చివర్లో దీపాలు ఆర్పి నిప్పులు పరిచారు. ఒకామె చేతిలో దేవుడి పటంతో వాటి మీద నడిచింది. వీరభద్రుడి గుండం చూసిన మన పెద్దవాళ్లు లేచి చేతులు జోడించారు. హోటల్లో అది ప్రదర్శనే, అసలు ఆచారం స్ట్రాంజా కొండల్లోని బల్గారి ఊళ్లో కాన్‌స్టాంటిన్, ఎలెనాల పండగకి జరుగుతుంది, 2009లో యునెస్కో జాబితాలో చేరింది.

జూన్ 3 రాత్రి అక్కడికే వెళ్దామని కమిటీ అనుకుంటోంది. దూరం ఎక్కువ, బస్సు మాట్లాడాలి, కాబట్టి వచ్చేవాళ్లు మార్చిలోగా పేర్లు ఇవ్వండి, శాకాహారమైతే అది కూడా రాయండి.