గిటార్ కొనేముందు తీగల సంగతి అడగండి

సంపాదకుల వారికి,

అయ్యా,

వేసవి సెలవుల్లో పిల్లలకు గిటార్ నేర్పించాలన్న ఉత్సాహం మా తిరుపతిలో పెరుగుతుండటం, సంగీతం బోధించేవాడిగా నాకెంతో సంతోషం కలిగిస్తోంది. అయితే గిటార్లలో రకాలున్నాయన్న సంగతి తెలియకుండా రంగూ ధరా చూసి కొనేవారే ఎక్కువగా కనిపిస్తున్నారు. అమ్మేవారిలోనూ చాలామంది ఆ తేడా చెప్పడం లేదు.

క్లాసికల్ గిటార్‌కు నేటికీ ఆధారం 19వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థుడు ఆంటోనియో డి టోరెస్ స్థిరపరచిన రూపమే. పూర్వం దానికి పేగు తీగలు కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ తీగలు వచ్చాయి. వీటిలో మూడు మందపు తీగలకు పైన సన్నని లోహపు చుట్టు ఉంటుంది కనుక, చూసినవారు అవి స్టీలువే అనుకుంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆరు నైలాన్ తీగల బిగువు మొత్తం సుమారు 40 కిలోలైతే, మామూలు స్టీలు తీగల బిగువు 70 కిలోలు దాటుతుంది. ఆ లాగుడుకు తట్టుకునేందుకే, స్టీలు తీగలు కట్టే అకౌస్టిక్ గిటార్ పైపలక కింద బలమైన అడ్డపట్టీలు, మెడలో ఇనుప కడ్డీ అమరుస్తారు. నా విద్యార్థి ఒకరి క్లాసికల్ గిటార్‌కు తీగ తెగితే, ఒక దుకాణంలో మొత్తం స్టీలు తీగలు బిగించి ఇచ్చారు. కొన్నాళ్లకే పైపలక ఉబ్బి, తీగలు కట్టి ఉండే బ్రిడ్జి ఊడివచ్చింది.

నైలాన్ తీగలు పిల్లల వేళ్లకు మెత్తగానే ఉంటాయి గానీ, క్లాసికల్ గిటార్ మెడ వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు, అకౌస్టిక్‌కు సుమారు 43 మాత్రమే. అందువల్ల చిన్న చేతులకు ముప్పావు సైజు వాద్యం అడిగి తీసుకోవాలి.

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అయస్కాంతమూ రాగి తీగచుట్టా ఉండి, ఇనుప తీగ కదలికను విద్యుత్తుగా మారుస్తాయి కాబట్టి దానికి నైలాన్ పనికిరాదు, ఆంప్లిఫయర్ లేనిదే సరైన ధ్వనీ రాదు. బేస్ గిటార్ సాధారణంగా నాలుగు తీగలతో, ఒక స్థాయి కిందికి పలుకుతుంది. దాని పాత్రే వేరు.

కర్ణాటక సంగీతానికి ఏది నప్పుతుందని మా ఊరి తల్లిదండ్రులు తరచుగా అడుగుతారు. వీణలో మెట్లు ఎత్తుగా ఉండి తీగను బాగా లాగే వీలుండటం వల్ల గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, సహజంగా వస్తుంది. గిటార్ మెట్లు పొట్టివి; నైలాన్ తీగను ఎంత పక్కకు లాగినా స్వరం పెద్దగా జరగదు, ఎలక్ట్రిక్ గిటార్‌పై సన్నని స్టీలు తీగ మాత్రం చక్కగా లొంగుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకాలు పలికించిన తీరు ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. హిందుస్తానీలో విశ్వమోహన్ భట్ మరో దారి పట్టారు: గిటార్‌ను ఒడిలో ఉంచి, లోహపు కడ్డీని తీగలపై జార్చి వాయించే మోహన వీణను రూపొందించి, 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నారు.

దుకాణదారులు ప్రతి గిటార్‌కూ రకం, తీగలు, సైజు రాసిన చీటీ తగిలించాలని నా మనవి. మీ పత్రిక జిల్లా పేజీల్లో సెలవుల శిక్షణ తరగతుల వివరాలు వేసేటప్పుడు, అక్కడ ఏ రకం గిటార్ నేర్పుతారో కూడా నిర్వాహకులను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సంగీతోపాధ్యాయుడు,
తిరుపతి