కలెక్టర్ గారికి ఒక నర్సింగ్ విద్యార్థిని బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా మూడో ఏడాది చదువుతున్నాను. డ్యూటీ జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో. పేరు రాయను, ఇంకా పరీక్షలున్నాయి.

మొన్న నైట్ డ్యూటీలో ఉద్దానం ప్రాంతంలోని కవిటి వైపు నుంచి వచ్చిన మామ్మకి బీపీ పట్టీ చుట్టబోయాను. "ఆ చెయ్యి కాదమ్మా, గుయ్యిమంటాది" అంది. వేలు పెట్టి చూస్తే చర్మం కింద తుమ్మెద దూరినట్టు జుమ్మంటోంది. ఫిస్టులా! ధమనిని సిరతో కలిపి కుట్టిన ఆ దారిలోనే డయాలసిస్ చేస్తారు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఆ చేతికి పట్టీ బిగిస్తే అది మూసుకుపోవచ్చు. పుస్తకంలో చదివిందే, నిద్రమత్తులో మరిచాను. ఆవిడ చెప్పకపోయుంటే?

ఆ రాత్రి ముప్పై మందికి ఒకే స్టాఫ్ నర్సు, మేమిద్దరం విద్యార్థినులం. మమ్మల్నీ సిబ్బంది లెక్కలో కలిపేస్తున్నారు.

పోస్టులు నింపడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. కానీ ఉద్దానం కిడ్నీ రోగులు చేరే ప్రతి వార్డులో ఫిస్టులా చేతికి ఎర్ర బ్యాండు కట్టించొచ్చు కదండీ? రాత్రిపూట మా పక్కన ఒక సీనియర్‌ని ఉంచమని చెప్పండి.

మామ్మ డిశ్చార్జి అవుతూ కొంగుముడి విప్పి గుప్పెడు జీడిపప్పు ఇచ్చింది. డ్యూటీలో తీసుకోకూడదు. తీసుకున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని