గట్టు రాయి

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో "ఇస్తానన్నది తీసుకుని వదిలెయ్యమ్మా, నీకెందుకీ టెన్షన్" అన్నావు. నా మీద ప్రేమతోనే అన్నావు. మీ నాన్నగారిదీ అదే మాట. ఫోన్‌లో నాకు సరిగ్గా చెప్పడం రాలేదు, అందుకే రాస్తున్నాను.

పక్క చేను బాబాయి ఇటుక బట్టీ వాళ్లకి మట్టి అమ్ముకున్నాడు. రెండు పంటలు వరసగా పోయి అప్పుల్లో ఉన్నాడు, ఆయన్ని నేను తిట్టుకోను. కానీ తవ్వించినవాళ్లు పొక్లెయిన్‌ని మన గట్టు దాకా తెచ్చారు. ఒక్క అడుగు కూడా వదల్లేదు. నూతి తాడు వేసి కొలిస్తే రెండు నిలువులు దాటింది. మన నేల సంగతి నీకు తెలుసుగా, పైన ఒండ్రు, కింద ఇసుక. వానలకి గొయ్యి నిండింది, మళ్లీ నీళ్లు తీశాయి. తీసేటప్పుడు కింది ఇసుక జారిపోయి, పైనున్న మన నేల పెళ్లలు పెళ్లలుగా విరిగి అందులో పడింది. ఇప్పటికి పదకొండు చెట్లు పోయాయి. కొబ్బరికి తల్లివేరు ఉండదు కదా. చివరి చెట్టుకి సగం వేళ్లు బయటపడి తడి చీపురులా వేలాడుతున్నాయి. నిండా కాయలున్నాయి, దింపు తీసే అబ్బాయి ఎక్కనన్నాడు. నేనూ ఎక్కమనలేదు.

96 నవంబరు తుపానుకి తోటంతా పడిపోతే, మరుసటి ఏడాది మీ తాతయ్య మళ్లీ పెట్టిన వరస అది. నువ్వప్పుడు నా కడుపులో ఉన్నావు. 2022 జులైలో గోదారి తోటలోకి వచ్చి మొలలోతు నిలిచినా ఆ వరసలో ఒక్క చెట్టూ ఒరగలేదు. వరద చేసిన నష్టమైతే నేను నోరెత్తేదాన్ని కాదు బుజ్జీ.

పెద్దమనుషులు పడిన చెట్లకి లెక్కకట్టి రెండు లక్షలు ఇప్పిస్తామన్నారు. బదులుగా నాకిక ఏ అభ్యంతరమూ లేదని సంతకం పెట్టాలి. గొయ్యి పూడ్చే మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. చేపల చెరువు చేస్తారట. అంటే ఏటా మరో వరస పోతుంది, అడగడానికి నాకు నోరుండదు.

ఆఫీసుల చుట్టూ తిరిగాను, అర్జీలకి రసీదులు ఉన్నాయి. తర్వాత అమలాపురంలో లాయరు గారిని కలిశాను. పట్టా భూమి అయినా మట్టి తవ్వి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలట. ఆ అనుమతి ఉన్నా సరే, పక్కవాడి నేల కూలేలా తవ్వే హక్కు రాదట. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్‌లో ఉందని చదివి వినిపించారు. మన నేలకి పక్క నేల సహజంగా ఇచ్చే ఆసరా మన హక్కేనట. ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇన్నాళ్లూ "ఆయన చేను, ఆయన ఇష్టం" అని అందరూ అంటుంటే నేనేదో అన్యాయంగా అడుగుతున్నానేమో అనుకున్నాను.

తవ్వకం ఆపాలని, గట్టు కట్టి ఇవ్వాలని, నష్టం ఇప్పించాలని దావా వేస్తున్నాం. కోర్టు తరఫున అడ్వకేట్ కమిషనర్ వచ్చి కొలతలు వేసేలా కూడా అడుగుతున్నాం. గొయ్యిలో నీళ్లు పెట్టేస్తే ఎక్కడిదాకా తవ్వారో ఎవరికీ కనబడదు, అందుకే ఈ తొందర. ఖర్చుకి నా గాజులు రెండు తాకట్టు పెట్టాను. దాని గురించి నాన్నతో గొడవ పడకు. ఈ ఎకరం మీ తాతయ్య నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది, రేపు నీకు రావలసింది. నీకు గొయ్యి అంచు ఇవ్వలేను.

నీతో ఒక పని ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లదాన్ని గట్టు రాయి మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశావు. వెనకాల ఆ చెట్లన్నీ ఉన్నాయి. ఇప్పుడా రాయి గోతిలో పడి ఉంది. ఫోటోలు వాట్సాప్‌లో పంపకు, తేదీ పోతుందట. ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్టుగా మెయిల్ చేసి, ఆ ఫోన్ మార్చకుండా దాచు. సోమవారం లోపు కావాలన్నారు.

అమ్మ